పది రోజుల మాత్ర, నాలుగేళ్ల వాడకం: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో నా పొరపాటు ఉంది. దాన్ని దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను. పేషెంటు, ఆవిడ కూతురు ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్లని గుర్తుపట్టే వివరాలు మార్చాను. మందులు, మోతాదులు, రోజుల లెక్క మాత్రం మార్చలేదు. ఈ కేసులో ముఖ్యమైనవి అవే.

వచ్చినప్పుడు

ఆవిడకు 71 ఏళ్లు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి నాలుగేళ్లు దాటింది. కూతురి దగ్గర ఉంటున్నారు. రాత్రి రెండు గంటలప్పుడు బాత్రూముకని లేచి, గడప దగ్గర తూలి పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది, నుదుటి మీద కమిలింది. ఎముకల డాక్టరు చేతికి కట్టు వేసి, "మతిమరుపు పెరుగుతోందట, డిమెన్షియా అనుమానం, చూడగలరు" అని రాసి మా వార్డుకు పంపారు.

కూతురు చెప్పిన వివరం ఇది. ఏడాదిగా అమ్మకు మతిమరుపు. చెప్పిందే చెప్పడం, అడిగిందే అడగడం. పగలు కుర్చీలో కూర్చుని కునికిపాట్లు. ఇవన్నీ వయసుతో వచ్చేవేనని ఇంట్లో సర్దుకుపోయారు. గత నాలుగైదు రోజులుగా మాత్రం తీరు వేరు. మాట ముద్దగా వస్తోంది, నడిస్తే పక్కకి ఒరిగిపోతున్నారు, మధ్యాహ్నం దాకా లేవడం లేదు. ఒకరోజు అర్ధరాత్రి వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. తెల్లారాక అడిగితే, "నేనా? రాత్రంతా మంచం దిగలేదే" అన్నారు.

పరీక్ష చేసేటప్పుడు పిలిస్తే కళ్లు తెరిచేవారు, రెండు ముక్కలు మాట్లాడి మళ్లీ జోగేవారు. శ్వాస నిమిషానికి 11 సార్లు. ఆక్సిజన్ 91 శాతం. కళ్లు పక్కకి తిప్పమంటే గుడ్లు సన్నగా అదిరాయి. వేలితో ముక్కు ముట్టుకోమంటే వేలు చెంపకి తగిలింది. కాళ్లూ చేతుల్లో బలం రెండు వైపులా సమానంగానే ఉంది. తల స్కాన్‌లో రక్తస్రావం లేదు. చక్కెర, సోడియం, కిడ్నీ, థైరాయిడ్ అన్నీ సరిగానే ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రేలో కుడివైపు కింద చిన్న మచ్చ, తగ్గుముఖం పట్టిన ఇన్ఫెక్షన్. మూత్ర పరీక్షలో బెంజోడయాజెపైన్లు, అంటే నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే ఒక కోవ మత్తుమందులు, ఉన్నట్టు వచ్చింది. ఆ పరీక్ష మందు ఉందో లేదో చెబుతుంది గాని ఎంత ఉందో, ఎన్నాళ్లుగా ఉందో చెప్పదు.

"ఏం మందులు వాడతారమ్మా?" అని కూతుర్ని అడిగాను. బీపీ మాత్ర, నిద్రమాత్ర, దగ్గుకిచ్చిన మందులు అన్నారు. నిద్రమాత్ర ఎప్పటినుంచి అంటే, "చాలా రోజుల్నుంచే, చిన్నదేనండీ, పాయింట్ ఫైవ్" అన్నారు.

పాయింట్ ఫైవ్. ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు.

మొదటి నాలుగు రోజులు

మత్తుమందు ఎక్కువైందని ఆ రాత్రే నిర్ధారణకు వచ్చాను. అందులో తప్పు లేదు. మా జూనియర్ డాక్టరు, "ఫ్లుమజెనిల్ ఇద్దామా మేడమ్?" అని అడిగారు. బెంజోడయాజెపైన్ల ప్రభావానికి అది విరుగుడు ఇంజెక్షన్. వద్దన్నాను. చాలాకాలంగా ఈ మందులు వాడేవాళ్లకి అది ఇస్తే ఫిట్స్ రావచ్చని, శ్వాస నిలకడగా ఉంటే కనిపెట్టుకుని ఉండడమే మేలని ఆయనకి వివరంగా చెప్పాను. ఆ తర్వాత అదే కలంతో కేస్ షీట్ మీద "మత్తు కలిగించే మందులన్నీ ఆపండి" అని రాసి సంతకం పెట్టాను. దగ్గుకు వాడుతున్న యాంటీబయాటిక్ కూడా మార్చాను.

విరుగుడు ఇంజెక్షన్ ఒక్క నిమిషంలో చేసే పనినే ఆ సంతకం మూడు రోజులు తీసుకుని చేస్తుందన్న ఆలోచన ఆ క్షణాన నాకు రాలేదు.

రెండో రోజు అందరికీ పండగలా ఉంది. ఆవిడ లేచి కూర్చున్నారు, మాట స్పష్టమైంది, మనవడి పరీక్షల గురించి అడిగారు. "మా అమ్మ మళ్లీ మా అమ్మలా మాట్లాడుతోంది" అని కూతురు కళ్లు తుడుచుకున్నారు. నాకూ తృప్తిగానే అనిపించింది.

మూడో రోజు సాయంత్రానికి చెమటలు మొదలయ్యాయి. నాడి 118. చేతులు వణుకుతున్నాయి. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారు. రాత్రి పదకొండుకి పక్క మంచాల వాళ్లని పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. ఎప్పటివో తన విద్యార్థుల పేర్లు. హాజరు పలకనివాళ్లని నిలబడమంటున్నారు. డ్యూటీ డాక్టరు ఫోన్ చేశారు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన కలవరమేమో అన్నాను, కలవరాన్ని అణచే హాలోపెరిడాల్ కొద్ది మోతాదులో ఇవ్వమన్నాను. అది రెండో పొరపాటు. ఫిట్స్ వచ్చే అంచున ఉన్నవాళ్లని ఆ మందు ఇంకొంచెం ముందుకు తోస్తుంది.

నాలుగో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా కొట్టుకుంటూ ఫిట్స్ వచ్చింది. రెండు నిమిషాలు. నర్సు ఆవిడను పక్కకి తిప్పి, ఆక్సిజన్ పెట్టి, బెంజోడయాజెపైన్ కోవదే అయిన లోరాజెపాం ఇంజెక్షన్ సిద్ధం చేసి ఉంచారు. అది నరంలోకి వెళ్లిన పది నిమిషాలకి వణుకు తగ్గింది, నాడి దిగింది, చెమట ఆగింది. మళ్లీ తీసిన స్కాన్‌లో కొత్తగా ఏమీ లేదు. సోడియం మామూలే. ఏ మందు అందక శరీరం అల్లాడిందో, ఆ కోవ మందు అందగానే అంత త్వరగా నెమ్మదించిందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

తెల్లారాక కూతురితో ఉన్నదున్నట్టు చెప్పాను. "ఈ ఫిట్స్ మీ అమ్మగారి జబ్బు వల్ల రాలేదు. నేను మందు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చింది." ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఇంట్లో ఉన్న చీటీలన్నీ తెమ్మంటారా?" అని అడిగారు. ఆ పని మొదటి రాత్రే నేను అడిగి చేయించాల్సింది.

చీటీల సంచి

సంచిలో నాలుగేళ్ల చీటీలు వచ్చాయి, ఐదుగురు డాక్టర్లవి. టేబుల్ మీద తేదీల వరసలో పరిచాను.

అన్నిటికంటే పాతది భర్త పోయిన మూడో వారంలోది. ఆల్ప్రజోలాం (ఇదీ బెంజోడయాజెపైనే) 0.25 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి, పది రోజులు. ఆ డాక్టరు పద్ధతిగానే రాశారు. "పది రోజులు" అన్న మాట కింద గీత కూడా గీశారు. రెండు నెలల తర్వాత బీపీ కోసం ఇంకొకరిని కలిసినప్పుడు, ఆ చీటీలో మిగతా మందులతో పాటు ఇదీ చేరింది. పక్కన "కంటిన్యూ" అని ఉంది. పది రోజులన్నది ఎగిరిపోయింది. ఆ తర్వాత దాదాపు ప్రతి చీటీలోనూ కంటిన్యూనే. రెండో ఏడు 0.25 పోయి 0.5 వచ్చింది. మూడో ఏడు మధ్యాహ్నం గుండె దడగా ఉంటోందని ఒకరు పగలు ఇంకో 0.5 రాశారు. ఆ దడ ఏమిటో ఇప్పుడు చూస్తే తెలుస్తుంది: రాత్రి వేసుకున్న మాత్ర పగటికి ఒంట్లోంచి దిగిపోతూ ఉండడం. మందు లేమిని కొత్త జబ్బనుకుని అదే మందు పెంచారు. నాలుగో ఏడు ఆవిడే రాత్రి ఒకటికి రెండు వేసుకోవడం మొదలుపెట్టారు. అది ఏ చీటీలోనూ లేదు, తర్వాత ఆవిడే చెప్పారు. అదే ఏడు ఇంకొకరు నిద్ర పట్టని రాత్రులకని జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాములు రాశారు. ఆయన ముందున్న చీటీలో బీపీ మందులే ఉన్నాయి, ఆల్ప్రజోలాం సంగతి ఆయనకు తెలిసే దారే లేదు.

ఇక ఆఖరి చీటీ, పడిపోవడానికి ఆరు రోజుల ముందుది. దగ్గు, జ్వరానికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్.

మొత్తం కూడితే రోజుకు 1.5 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలాం, కొన్ని రాత్రులు దానిమీద జోల్పిడెమ్, చివరి వారం ఆ పైన కోడీన్. "పాయింట్ ఫైవ్, చిన్నదే" అన్న మాట కూతురిది మాత్రమే కాదు, ఎంతోమంది డాక్టర్ల మనసులో కూడా ఉండే మాట. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 1982 నుంచి పన్నెండేళ్లు ఈ మాత్రలు మాన్పించడానికే క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హెదర్ యాష్టన్ లెక్క ప్రకారం 0.5 ఆల్ప్రజోలాం అదే కోవలోని డయాజెపాం దాదాపు 10 మిల్లీగ్రాములకి సమానం. వేరే పట్టికల్లో ఈ నిష్పత్తి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. యాష్టన్ లెక్కే తీసుకుంటే ఆవిడ రోజూ 30 మిల్లీగ్రాముల డయాజెపాం వాడుతున్నట్టు. 71 ఏళ్ల మనిషికి 30 డయాజెపాం అంటే ఏ డాక్టరైనా కలం ఆపి ఆలోచిస్తారు. 1.5 అంటే ఎవరూ ఆగరు. సున్నా తర్వాత చుక్క పెట్టినంత మాత్రాన మందు బలం తగ్గదు.

ఆ వారంలో ఒంట్లో జరిగింది

మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే రసాయనం గాబా. అది తన గ్రాహకం మీద వాలినప్పుడు కణంలోకి క్లోరైడ్ వెళ్లే ద్వారం తెరుచుకుంటుంది, కణం నెమ్మదిస్తుంది. బెంజోడయాజెపైన్లు ఆ ద్వారం మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. జోల్పిడెమ్ పేరు వేరైనా వాలేది అదే గ్రాహకం మీద. రెండు వేర్వేరు మాత్రలు వాడుతున్నామని ఇంట్లోవాళ్లు అనుకుంటారు గాని, మెదడుకు మాత్రం ఒకే మాత్ర రెండుసార్లు వేసుకున్నట్టే.

1903లో బార్బిటాల్ వచ్చిన దగ్గర్నుంచి చాలాకాలం నిద్రకీ ఆందోళనకీ బార్బిట్యురేట్లు అనే పాత మత్తుమందులే దిక్కు. మోతాదు కాస్త మించితే అవి శ్వాస ఆపేసేవి. 1960లో క్లోర్‌డయాజెపాక్సైడ్, 1963లో డయాజెపాం అనే బెంజోడయాజెపైన్లు వచ్చాక డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు, ఎందుకంటే ఇవి ఒక్కటిగా తీసుకుంటే అంత తేలిగ్గా ప్రాణం తీయవు. ఆ "ఒక్కటిగా" అన్నది కాలక్రమంలో జారిపోయి, "ప్రమాదం లేని మాత్రలు" అన్నదే మిగిలింది. మద్యంతోనో, కోడీన్, ట్రమడాల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లతోనో (నల్లమందు కోవ మందులు) కలిసినప్పుడు ఇవీ శ్వాసను అణచేస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ జంట గురించి అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. 2020లో బెంజోడయాజెపైన్లన్నిటి మీదా, అలవాటు పడడం గురించీ హఠాత్తుగా ఆపితే వచ్చే ప్రమాదం గురించీ ఇంకో హెచ్చరిక చేర్చింది. మా పేషెంటు ఆక్సిజన్ 91కి దిగడంలో ఆ దగ్గు సిరప్ పాత్ర ఉందనే నా నమ్మకం.

అసలు దెబ్బ మాత్రం యాంటీబయాటిక్ తీసింది. ఆల్ప్రజోలాంను కాలేయంలో విరగ్గొట్టేది సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్. క్లారిత్రోమైసిన్ దాన్ని పనికిరాకుండా చేస్తుంది. దాంతో, వేసుకునే మాత్ర పెరగకపోయినా ఒంట్లో మందు పేరుకుంటూ పోయింది. పైగా వయసు మీదపడిన కాలేయం ఈ మందును ముందే నిదానంగా వదిలించుకుంటుంది. మామూలుగా 11 గంటల్లో సగానికి దిగే ఆల్ప్రజోలాంకి పెద్దవాళ్లలో సగటున 16 గంటలు పడుతుంది. జోల్పిడెమ్ కూడా చాలావరకు అదే ఎంజైమ్ మీద ఆధారపడినది. ఆడవాళ్లలో అది తెల్లారేదాకా ఎక్కువగా మిగిలిపోతోందని 2013లోనే ఎఫ్‌డీఏ వాళ్ల మోతాదును 10 నుంచి 5కి తగ్గించమంది. అర్ధరాత్రి పొయ్యి ముందు నిలబడి, తెల్లారాక ఏమీ గుర్తులేకపోవడం జోల్పిడెమ్ తెచ్చే విపరీతాల్లో ఒకటి. నిద్రలోనే నడవడం, వండడం, బండి నడపడం దాకా వెళ్తుందని 2019లో దాని మీద కూడా హెచ్చరిక వచ్చింది.

రెండో రోజు ఆవిడ అంత బాగా కోలుకోవడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. క్లారిత్రోమైసిన్ ఆపిన వెంటనే ఎంజైమ్ తేరుకోదు, కొత్త ఎంజైమ్ తయారవ్వడానికి కొన్ని రోజులు పడుతుంది. అందువల్ల మొదటి రెండు రోజులు ఆల్ప్రజోలాం మెల్లగా దిగింది, మత్తు వదిలి మనిషి తేటపడ్డారు. మేము చూసి మురిసిపోయింది ఆ దిగే దారిలో మధ్యలో ఒక చోటు. ఎంజైమ్ తేరుకుంటున్న కొద్దీ మందు మరింత త్వరగా ఖాళీ అయింది. నాలుగేళ్లుగా బయటి మందు ఉంటుందన్న లెక్కతో మెదడు తన సొంత బ్రేకులు తగ్గించుకుని కూర్చుంది. మందు పోయేసరికి ఆపేది ఏదీ లేకుండా పోయింది.

ఇది ఎవరైనా ఈ మాత్రలు వాడుతూ చదువుతుంటే ఒక్క మాట. దయచేసి ఈ రాత్రే మానేయకండి. కొన్ని వారాలకు మించి రోజూ వాడుతుంటే, మానడం డాక్టరుతో కలిసి, మెట్లు మెట్లుగా జరగాల్సిన పని. భయపడి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో మా వార్డులో, నా చేతుల మీదుగానే జరిగింది.

మాన్పించడం

ఫిట్స్ తర్వాత ఆల్ప్రజోలాం మళ్లీ మొదలుపెట్టాం. "ఏ మందు వల్ల పడిపోయిందో అదే ఇస్తారా?" అని కూతురు అడగడంలో న్యాయముంది. అదే 1.5ను మూడు సమాన భాగాలు చేసి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి 0.5 చొప్పున ఇచ్చాం. ఎక్కువకాలం ఒంట్లో ఉండే డయాజెపాంకి మార్చి తగ్గించడం చాలామంది పాటించే పద్ధతి. నేను మార్చలేదు. డయాజెపాం, అది విరిగాక ఏర్పడే ఇంకో పదార్థం, రెండూ పెద్దవాళ్ల ఒంట్లో రోజుల తరబడి పేరుకుంటాయి. అప్పటికే ఒకసారి పడి చెయ్యి విరిగిన మనిషి ఆవిడ. నా నిర్ణయంతో విభేదించే డాక్టర్లు ఉంటారు. జోల్పిడెమ్ మాత్రం ఆపేశాం. పనిచేసే చోటు ఒకటే కాబట్టి ఆల్ప్రజోలాం దాని లోటు తెలియనివ్వదు.

డిశ్చార్జ్ ముందు ఆవిడ నన్ను కూర్చోమన్నారు. "డాక్టరమ్మా, నిజం చెప్పండి. నేను మత్తుకి అలవాటు పడ్డదాన్నా?" గొంతు వణికింది. నలభై ఏళ్లు పిల్లలకి క్రమశిక్షణ నేర్పిన మనిషి ఆ ప్రశ్న అడగడానికి ఎంత మథనపడి ఉంటారో అనిపించింది. మీ శరీరం ఈ మందుకు అలవాటు పడింది, మీ బుద్ధి కాదు అన్నాను. మందు కోసం వెంపర్లాడడం, నష్టమని తెలిసీ ఆపుకోలేకపోవడం వేరు. డాక్టర్లు రాసిన మాత్రను నాలుగేళ్లు వాడితే శరీరం దానికి అమరిపోవడం వేరు. రెండోది ఎవరికైనా జరుగుతుంది. రాత్రి రెండు వేసుకున్నానని అప్పుడే చెప్పారు. తప్పు చేసినదానిలా తలొంచుకుని. మోతాదు పనిచేయడం మానేశాక ఎవరైనా చేసే పనే అది.

తగ్గించే లెక్క ఆవిడే వేశారు, లెక్కల టీచరు కదా. రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించుకుంటూ రావాలని, రెండు వారాల్లో 25 శాతానికి మించి ఎప్పుడూ తగ్గించకూడదని అమెరికన్ సొసైటీ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్ తదితర సంస్థలు 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మేము మూడు వారాలకి 0.125 చొప్పున మొదలుపెట్టాం. ఆవిడ కాగితం మీద గీసుకుని రెండో వారానికే నాకు చూపించారు: "ఇప్పుడిది ఎనిమిది శాతం. 0.5కి దిగాక ఇదే 0.125 పాతిక శాతం అవుతుంది. అప్పుడు మీ రూలు తప్పుతుంది." నిజమే. ఇలాంటి కోర్సుల్లో మొదటి సగం సాఫీగా నడిచి ఆఖర్లో విరిగిపోయేది అక్కడే. పైమెట్లు చిన్నవి, కిందికి వచ్చేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుంది. 0.5 దగ్గరికి వచ్చాక ఫార్మసిస్టు మందును ద్రవరూపంలో కలిపి ఇచ్చారు, సిరంజితో కొలుచుకుని ఇంకా చిన్న మెట్లు దిగడానికి.

మూడో నెలలో మాత్రలు లెక్క తగ్గాయి. ప్రతి విజిట్‌కీ మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్లం. ఆరు మాత్రలు లేవు. "అదనంగా వేసుకున్నారా?" అని ఆవిడని అడిగాను. లేదన్నారు. నేను మళ్లీ అడిగాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. రెండు రోజుల తర్వాత కూతురు ఒంటరిగా వచ్చారు. అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజుల నుంచి తనకు నిద్ర లేదని, అప్పుడప్పుడు అమ్మ షీటులోంచి ఒకటి వేసుకుంటున్నానని చెప్పారు. ఒకరికి రాసిన నిద్రమాత్ర ఇంట్లో ఇంకొకరి చేతికి వెళ్లడం మేము అనుకునేదానికంటే ఎక్కువ. అడగాల్సిన ప్రశ్నను నేను ఇద్దరిలో ఒక్కరినే, అదీ అనుమానంతో అడిగాను. ఆవిడకి క్షమాపణ చెప్పాను. కూతురి వాడకం అప్పుడప్పుడూ మాత్రమే కాబట్టి ఇబ్బంది లేకుండా ఆగిపోయింది. ఆమె నిద్ర గురించి వేరుగా కూర్చుని మాట్లాడాం. మందు తాళం వేసిన డబ్బాలోకి వెళ్లింది.

నిద్ర సంగతి మాత్రకి సమాంతరంగా, నిజానికి మాత్ర తగ్గించడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాం. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లను సరిచేసే ప్రవర్తన చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. ఆవిడ రాత్రి ఎనిమిదిన్నరకు మంచమెక్కి ఉదయం ఆరుకి దిగేవారు. తొమ్మిదిన్నర గంటలు మంచం మీద, నిద్ర ఐదు గంటలు. మిగిలిన నాలుగున్నర గంటలూ పైకప్పు చూస్తూ, నిద్ర రావడం లేదని దిగులు. పదకొండున్నరకు మంచమెక్కి ఐదుకల్లా దిగమన్నాం. నిద్ర పట్టకపోతే లేచి వెలుతురు తక్కువ గదిలో కూర్చోవాలి, నిద్ర ముంచుకొస్తేనే మళ్లీ పక్క మీదకు. పగటి కునుకులు మానాలి. మొదటి పది రోజులు నన్ను తిట్టుకున్నారట. పెద్దవాళ్లలో ఈ పద్ధతి జాగ్రత్తగా చేయాలి. మంచం మీద గడిపే సమయాన్ని ఐదు గంటల కంటే తగ్గించకూడదు, రాత్రి లేచే దారిలో దీపం, పట్టుకోవడానికి ఊత ఉండాలి. మూడో వారానికి ఆవిడకి నిద్ర ముక్కలు కావడం తగ్గింది.

తొమ్మిదో నెలలో ఆగిపోయాం. భర్త పోయిన నెల అది. మళ్లీ చెమటలు, దడ, "ఇంక నా వల్ల కాదు" అన్న మాట. మోతాదు పెంచలేదు, తగ్గించనూ లేదు, ఐదు వారాలు అక్కడే నిలిపాం. ఆ ఐదు వారాల్లో ఆవిడ మొదటిసారి భర్త గురించి మాట్లాడారు. ఆయన పోయిన మూడో వారంలో మాత్ర మొదలైంది. ఏడవాల్సిన రాత్రులన్నీ మత్తులో గడిచిపోయాయి. "నేను ఆయన కోసం సరిగ్గా ఏడవలేదమ్మా" అన్నారు. కౌన్సెలర్ దగ్గరికి పంపాను. ఆ దుఃఖం నాలుగేళ్లు ఎక్కడికీ పోలేదు. ఈ కేసులో మాత్రల కంటే అది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నిద్ర పట్టని మనిషికి మాత్ర రాయడానికి మాకు రెండు నిమిషాలు చాలు. ఎందుకు పట్టడం లేదో వినడానికి మేము ఆ రెండు నిమిషాలు కూడా ఇవ్వడం లేదు.

ఇప్పుడు

పద్నాలుగో నెలలో ఆఖరి చుక్క ఆగింది. జ్ఞాపకశక్తి పరీక్షలో చేరినప్పుడు మత్తు వదిలాక 30కి 16 వచ్చింది. ఆరు నెలలకు 22, ఆపేశాక రెండు నెలలకు 25. డిమెన్షియా కాదని గట్టిగా చెప్పడానికి ఇంకో ఏడాది చూడాలి. ఎక్కువకాలం ఈ మందులు వాడినవాళ్లలో కొంత మందగమనం మిగిలిపోవచ్చు, వయసు తెచ్చే మార్పు కూడా అందులో కలిసి ఉండవచ్చు. కాని "అడిగిందే అడగడం" పోయింది. మళ్లీ పడలేదు. ఎముకల సాంద్రత తక్కువగా ఉండడంతో దానికి చికిత్స మొదలైంది. నిద్ర ఐదున్నర, ఆరు గంటలు. రాత్రి ఒకసారి లేస్తారు. ఆవిడకు అది చాలు.

ఇలాంటివాళ్లకి ఎన్ని నెలలు పట్టినా విసుగు పడకూడదని నాకు ధైర్యమిచ్చింది కెనడాలోని క్యూబెక్‌లో జరిగిన ఒక అధ్యయనం. 2014లో వెలువడింది. 65 దాటి, చాలాకాలంగా ఈ మాత్రలు వాడుతున్న 303 మందిలో ఒక సగానికి, మందు ప్రమాదాలనూ మెల్లగా తగ్గించే విధానాన్నీ మామూలు మాటల్లో రాసిన ఒక పుస్తకం ఇచ్చారు, అంతే. ఆరు నెలల్లో వాళ్లలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు, పుస్తకం ఇవ్వనివాళ్లలో 5 శాతం. పెద్దవాళ్లకి చెప్పినా వినరు, మానరు అని మేము అనుకుంటూ ఉంటాం. చాలామందికి చెప్పినవాళ్లే లేరు.

మా వార్డులో రెండు మార్పులు చేశాం. కొత్తగా చేరిన ఎవరికైనా, ఇంట్లో ఉన్న మందులూ చీటీలూ అన్నీ సంచిలో తెప్పించి చూసేదాకా ఏ మత్తుమందునీ ఆపమని గాని కొనసాగించమని గాని రాయం. శ్వాస ప్రమాదంలో ఉంటే ఆ పూట మోతాదు నిలిపి, ప్రతి నాలుగు గంటలకీ నాడి, వణుకు, చెమట చూస్తూ, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో అదే షీటు మీద రాస్తాం. మేము రాసే ప్రతి నిద్రమాత్ర పక్కన ఆపే తేదీ ఉంటుంది. "పది రోజులు" అని కాదు, క్యాలెండర్ తేదీ. ఇంకొకరు ఆ చీటీ చూసి "కంటిన్యూ" రాయబోతే ఆ తేదీ కళ్లబడాలి.

మొదటి చీటీ రాసిన డాక్టరుకు ఈ కేసు వివరాలన్నీ పంపాను. ఆయన ఫోన్ చేసి మాట్లాడారు. పది రోజుల తర్వాత ఆవిడ తిరిగి రాలేదని, రాకపోతే తగ్గిపోయిందనుకున్నానని చెప్పారు. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

వచ్చే విజిట్ మూడు నెలల తర్వాత. అప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష మళ్లీ చేస్తాం.